ఎర్ర దారం టోపీ

మా లాండ్రీలో మనుషులు మూడు రకాలు. పొగ తాగేవాళ్ళు, తాగుతున్నట్టు నటించేవాళ్ళు, పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా నిలువుకాళ్ళ మీద చాకిరీ చేసే వెర్రిబాగులవాళ్ళు. ఈ మూడు రకాలుగానూ నేను బతికాను కాబట్టి ఎవరి గురించి మాట్లాడాలన్నా నాకు మొహమాటం లేదు.

మాది ఆసుపత్రి వెనక ఉండే లాండ్రీ. ముందువైపు అద్దాల తలుపులు, పూలకుండీలు, మీ ఆరోగ్యమే మా ధ్యేయం అన్న బోర్డు. వెనకవైపు మేము. రోగుల దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు, అప్పుడే పుట్టిన పిల్లల టోపీలు, అన్నీ మా చేతుల మీదుగానే పోవాలి. నేను పెద్ద ఇస్త్రీ మిషను దగ్గర పనిచేస్తాను. తడి దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని వేడి రోలరుకి అందిస్తే అవతలి వైపు కాగితంలా బయటికొస్తుంది. వేలు జారితే వేలు కూడా కాగితమే.

ఎప్పుడో, నేను చేరకముందు, ఎవడో మరుగుదొడ్లో సిగరెట్టు తాగి చెత్తబుట్ట తగలబెట్టాడట. అప్పుడు పెద్దవాళ్ళంతా ఒక గదిలో కూర్చుని తెగ ఆలోచించి గొప్ప పరిష్కారం కనిపెట్టారు. వెనక గేటు పక్కన మూడు వైపులా రేకులు కొట్టిన షెడ్డు. దాని నుదుటి మీద ‘పొగతాగు స్థలం’ అని బోర్డు. షిఫ్టుకి రెండుసార్లు పావుగంట చొప్పున విరామం. తలుపు పక్కన మేకుకి ఒక జాబితా. అందులో పేరుంటే పదింటికీ పన్నెండున్నరకీ సంతకం పెట్టి బయటికి వెళ్ళొచ్చు. పేరు లేకపోతే లేదు. పొగ తాగనివాడికి విరామం దేనికి, వాడికి ఆ అవసరమే లేదు కదా! రోగాలు నయం చేసే చోట, రోగం కొనితెచ్చుకునేవాడికి బహుమానం. ఆ నియమం రాసినవాడి బుర్రని మా రోలరులో పెట్టి తీయాలని నాకెప్పుడూ ఉంటుంది. అందులో మడతలేమైనా ఉంటే అవి కూడా పోతాయి.

సగం లాండ్రీ ఆ జాబితా చలవ వల్లే పొగ నేర్చుకుంది. నేనూ అంతే. పందొమ్మిదేళ్ళప్పుడు సిగరెట్టు రుచికి కాదు, కూర్చోవడానికి మొదలుపెట్టాను. తరవాత కూర్చోకపోయినా అదే కావాల్సి వచ్చింది.

పెద్దపిల్ల కడుపులో ఉన్నన్నాళ్ళూ తాగాను. ఎవరూ వద్దనలేదని చెప్పను, చెప్పారు. నేను వినలేదు. మా అత్తయితే, “చిన్న బిడ్డైతే కాన్పు సుఖం, ఊరికే బెంగపడకు” అంది. అది పందొమ్మిది వందల గ్రాములతో పుట్టింది. పద్దెనిమిది రోజులు గాజుపెట్టెలో ఉంది.

ఇక్కడ టోపీల సంగతి చెప్పాలి. పిల్లల వార్డు టోపీలు మూడు సైజులు. ఉతికాక కలిసిపోకుండా అంచున రంగు దారం కుట్టి ఉంటుంది. నిండు బిడ్డలకి తెల్ల దారం, కాస్త తక్కువ వాళ్ళకి పచ్చ దారం, గాజుపెట్టె వాళ్ళకి ఎర్ర దారం. ఎర్ర దారం టోపీ నా పిడికిలికి తొడిగితే సరిగ్గా సరిపోతుంది. పెద్దది ఆ టోపీ పెట్టుకుని, ముక్కులో గొట్టంతో, ముసలిదానిలా నుదురు ముడిచి పడుకునేది. ఇప్పుడు దానికి ఐదేళ్ళు. చలిగాలి తగిలితే దాని రొమ్ములోంచి సన్నగా ఈల వస్తుంది. ఒక్క పొగ వల్లే అని చెప్పలేమమ్మా అంటారు డాక్టర్లు. వాళ్ళ మర్యాద వాళ్ళది. ఆ ఈల వినిపించినప్పుడు నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

అందుకే రెండోసారి నెల తప్పిందని తెలిసిన రోజునే, ఈ బిడ్డ నెత్తిన ఎర్ర దారం టోపీ ఎక్కనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మానెయ్యడం చెప్పినంత తేలికని ఎవడైనా అంటే వాడు ఎప్పుడూ తాగి ఉండడు. తొమ్మిది రోజులు గిన్నెలతో పోట్లాడాను. గోడతో పోట్లాడాను. మా ఆయన బస్సు డ్రైవరు, ఆయన గుండె కరిగి, “నీకు తోడుగా నేనూ మానేస్తా” అన్నాడు. పొద్దున మానేశాడు. సాయంత్రానికి కిటికీ దగ్గర నిలబడి, పొగ బయటికి ఊదితే ఇంట్లోకి రాదని నాకు భౌతికశాస్త్రం బోధించాడు. మా అత్తది ఇంకో రకం.

“నేను తాగుతూనే నీ మొగుణ్ణి కన్నాను. ఏమైంది వాడికి?”

“ఏమైందో రోజూ చూస్తూనే ఉన్నాను కదా అత్తయ్యా” అన్నాను. అప్పటి నుంచి నాలుగు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ నాకు మానెయ్యడం కొంచెం సులువైంది.

గర్భిణుల గదిలో సిస్టరు దగ్గర ఒక చిన్న మిషను ఉండేది. అందులోకి ఊపిరి బిగబట్టి ఊదితే ఒంట్లో ఎంత పొగ ఉందో అంకె చూపిస్తుంది. మొదటిసారి పదిహేను వచ్చింది. “నువ్వు పీల్చిన ప్రతి పొగకీ లోపల బిడ్డకి గాలి తగ్గుతుంది, తెలుసా?” అని ఆవిడ నన్ను పురుగుని చూసినట్టు చూసింది. నాలుగు వారాల తరవాత రెండు వచ్చింది. “శభాష్. ఇప్పుడు మానేసినా ఆలస్యం కాలేదు, బిడ్డ మామూలు బరువుతో పుట్టొచ్చు” అని నా భుజం తట్టింది. నిజం చెప్పొద్దూ, ఆ తట్టుడుకి నేను బడిపిల్లలా పొంగిపోయాను. అదే ఊపులో లాండ్రీకి వచ్చి, జాబితాలో నా పేరు నేనే కొట్టేశాను.

మా సూపర్‌వైజరుకి మేం పెట్టుకున్న పేరు గడియారం. మనిషి మొహం చూసి మాట్లాడడు, మణికట్టు చూసి మాట్లాడతాడు. మర్నాడు పదింటికి నేను మిషను వదిలి తలుపు వైపు నడిస్తే అడ్డమొచ్చాడు.

“పేరు కొట్టేశావు కదమ్మా?”

“మానేశాను సార్. కడుపుతో ఉన్నాను.”

“మంచిది, చాలా మంచిది. మరెక్కడికి?”

“కాసేపు కూర్చుందామని.”

“జాబితాలో పేరు లేదు కదా?”

“పొగ తాగితే కూర్చోవచ్చు, కడుపొస్తే కూర్చోకూడదా సార్?”

“నా మీద అరిస్తే ఏం లాభం? నియమం నేను రాశానా?” అని గడియారం చూసుకున్నాడు. ఇలాంటివాళ్ళ బతుకంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. నేను రాశానా. ఎవడూ రాయలేదట, అదే పుట్టగొడుగులా మొలిచిందట.

రెండు నెలలు అలాగే నిలబడ్డాను. కాళ్ళు దిమ్మల్లా వాచాయి. ఐదో నెలలో ఒకరోజు దుప్పటి అంచు పట్టుకుని ఉండగానే కళ్ళు బైర్లు కమ్మాయి. నా చెయ్యి దుప్పటితో పాటు రోలరు వైపు పోతుంటే పక్కన మడతలు పెట్టే ఆవిడ నా జాకెట్టు పట్టుకుని వెనక్కి లాగింది. గడియారం పరిగెత్తుకొచ్చి ముందు దుప్పటి కాలిందేమో చూశాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిలబడితే బిడ్డకి చేటు, కూర్చోవాలంటే పొగరాయుళ్ళలో చేరాలి. మర్నాడు నా పేరు మళ్ళీ జాబితాలో నేనే రాసుకున్నాను. గడియారం సంతోషంగా, “మళ్ళీ మొదలెట్టావన్నమాట” అన్నాడు. ఆయన లెక్క ఆయనకి సరిపోయింది.

షెడ్డులో ఏడుగురు ఉండేవాళ్ళు. ఐదుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఆ ఏడుగురిలో అందరికంటే మూలన కూర్చునేది బాయిలరు బాబాయి. ముప్పై ఏళ్ళుగా బాయిలరు చూసుకునే మనిషి. బాయిలరు గొట్టం ఆగినా ఆయన నోరు ఆగదు. గడియారం కిటికీలోంచి తొంగిచూస్తాడని నేను వేళ్ళ మధ్య వెలిగించని సిగరెట్టొకటి పట్టుకుని బల్ల మీద కూర్చునేదాన్ని. నేను తాగడం లేదు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నా తెలివి అలా తెల్లారింది. నేను వెలిగించాల్సిన అవసరమేముంది, ఏడుగురు నా తరఫున తాగుతుంటే!

ఏడో నెలలో పన్నెండున్నర విరామంలో షెడ్డులో పది నిమిషాలు కూర్చుని, అటు నుంచి అటే సిస్టరు గదికి వెళ్ళాను. మిషనులోకి ఊదాను. ఏడు.

ఆవిడ మొహం మారిపోయింది. “మళ్ళీ మొదలెట్టావా?”

“లేదు సిస్టర్. ఒట్టు, నేను తాగలేదు.”

“అందరూ అదే అంటారమ్మా. మనుషులు అబద్ధమాడతారు, మిషను ఆడదు. బిడ్డ చూడు, ఉండాల్సిన దానికంటే రెండు వారాలు వెనకబడి ఉంది. ఒక పిల్లని గాజుపెట్టెలో పెట్టుకున్నా నీకు బుద్ధి రాలేదా?”

నా ఫైలులో ‘పక్కవాళ్ళు ఎవరైనా పొగ తాగుతారా’ అని ఒక గడి ఉంది. ఆవిడ ఆ గడిలో అడక్కుండానే గీత గీసి, కింద ఎర్ర సిరాతో రాసింది: తల్లి మళ్ళీ పొగ తాగుతోంది. ఎంత చక్కటి చేతిరాత! అక్షరాలు అంత గుండ్రంగా రాసే మనిషికి ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదు.

తిరిగి వచ్చేసరికి బల్ల మీద పిల్లల వార్డు టోపీల గుట్ట ఉంది. మడతలు పెట్టే ఆవిడకి సాయం చేద్దామని చెయ్యి పెడితే మొదట ఎర్ర దారందే తగిలింది. పిడికిలికి తొడుక్కుని చూశాను. లోపల వాడు తన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

మర్నాడు పదింటికి షెడ్డులో నా నోటికి అడ్డూ ఆపూ లేదు.

“తిలాపాపం తలా పిడికెడని మీరంతా తలా ఒక దమ్ము నా బిడ్డకి పోస్తున్నారు. నా కడుపులో వాడు వెనకబడ్డాడట. మీ పొగ కాదూ అది? మిమ్మల్ని అని ఏం లాభంలే, ఇక్కడ కూర్చున్న నాకుండాలి సిగ్గు!”

ట్రాలీ తోసే అతను, “అయితే కూర్చోకు, ఎవరు రమ్మన్నారు?” అన్నాడు. వాడన్నది సబబే, అందుకే ఇంకా మండింది. బాయిలరు బాబాయి దగ్గు వచ్చి ఆగే దాకా ఆగి, చేతిలో సిగరెట్టు చూసుకున్నాడు. ఆర్పుతాడేమో అనుకున్నాను. ఆర్పలేదు, మహానుభావుడు. లేచాడు.

“లేవండ్రా అందరూ. బయట తాగుదాం.”

“వాన పడుతోంది బాబాయ్!”

“పడనీ. నువ్వేమన్నా బెల్లం ముక్కవా కరిగిపోడానికి? అమ్మాయ్, నువ్వు లోపల కూర్చో.”

ఏడుగురూ గోడ వారగా వానలో నిలబడి, సిగరెట్టు తడవకుండా అరచేతులు గొడుగు పట్టుకుని తాగారు. చచ్చినా మానరు గానీ తడవమంటే తడిశారు. ఇంత పనికిమాలిన మంచితనం నేనెక్కడా చూడలేదు. ఆ రోజు షెడ్డులో ఒక్కదాన్నే కాళ్ళు చాపుకుని కూర్చుని, వాళ్ళని తిట్టుకుంటూనే కళ్ళు తుడుచుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆయన దిండు తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టాను. “కిటికీ దగ్గర ఊదే పొగ అక్కడ ఊదు. వాసన పోయాక లోపలికి రా.” పాపం, చాలా రోజులు మెట్ల మీదే గడిపాడు.

మూడు వారాలు బాగానే జరిగింది. అంతా బాగుంటే పైవాళ్ళకి తోచదు కదా. భద్రత అధికారి తనిఖీకి వచ్చాడు. చేతిలో టేపు, చంకలో అట్ట. షెడ్డు చూశాడు, గోడ చూశాడు, రాసుకున్నాడు. మర్నాడు మెమోలు వచ్చాయి. ఆ ఏడుగురికీ: పొగతాగు స్థలం వెలుపల పొగ తాగినందుకు. నాకు: పొగతాగు స్థలంలో పొగ తాగకుండా కూర్చుని, సదరు స్థలాన్ని దుర్వినియోగం చేసినందుకు. ఇంకొక్క మెమో వస్తే ఎవరి పనైనా ఊడుతుంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆసుపత్రి ముందువైపు నేను తాగుతున్నానని తిట్టారు, వెనకవైపు తాగడంలేదని తిట్టారు. రెండు కాగితాల మీదా ఒకే ముద్ర. నేను మెమో పట్టుకుని తిన్నగా సిస్టరు దగ్గరికి వెళ్ళాను.

“చదవండి సిస్టర్. నేను తాగడం లేదని మీ ఆసుపత్రే సంతకం పెట్టి ఇచ్చింది.”

ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది గానీ నాకు నవ్వు రాలేదని చూసి మానేసింది. మిషను అందించింది. రెండు. పొట్ట కొలిచింది, బిడ్డ పుంజుకుంటున్నాడంది. అప్పుడు, అన్ని నెలల తరవాత, అడిగింది: “పక్కన ఎవరన్నా తాగేవాళ్ళా?”

“ఏడుగురు. ఇంట్లో ఒకడు.”

ఆ గడి నింపింది. “మరి ఆ ఎర్ర సిరా?” అన్నాను.

“ఒకసారి రాసింది కొట్టెయ్యడానికి వీల్లేదమ్మా. కింద కొత్తగా రాస్తాను, అది మాత్రం అలాగే ఉంటుంది.” ఏం చేస్తుంది, నియమం ఆవిడ రాసిందా!

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి బాయిలరు బాబాయి స్టూలెక్కి ఉన్నాడు. నోట్లో సిగరెట్టు, చేతిలో స్క్రూడ్రైవరు. షెడ్డు నుదుటి మీది బోర్డు విప్పుతున్నాడు.

“ఏం చేస్తున్నావ్ బాబాయ్?”

“వాడు మనుషుల్ని చూశాడా అమ్మాయ్? బోర్డు చూశాడు. బోర్డు ఎక్కడుంటే అదే స్థలం.” నాలుగు స్క్రూలు జేబులో వేసుకుని, బోర్డు తీసుకెళ్ళి వాళ్ళు తడిసే గోడకి బిగించాడు. కొంచెం వంకరగా వచ్చింది. సరిచెయ్యమంటే, “పొగ నిటారుగా పోతుందా ఏంటి?” అన్నాడు.

వారం తిరక్కుండా అధికారి మళ్ళీ వచ్చాడు. ఏడుగురూ బోర్డు కింద బుద్ధిగా తాగుతున్నారు. నేను బోర్డు లేని షెడ్డులో కూర్చున్నాను. అట్ట చూసుకున్నాడు, బోర్డు చూశాడు, టేపు తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తప్పేదో జరుగుతోందని ఆయనకి తెలుసు, అది ఏ గడిలో రాయాలో తెలియలేదు. గడియారం మాత్రం నా దగ్గరికొచ్చాడు.

“ఇదిప్పుడు ఏ స్థలమమ్మా?”

“బోర్డు లేదు కదా సార్. ఏ స్థలమూ కాదు.”

“మరి విరామం పొగతాగు స్థలానికి వెళ్ళడానికి ఇచ్చింది.”

“వెళ్తున్నాను సార్. నిండు మనిషిని, దారిలో ఆగాను.”

మడతలు పెట్టే ఆవిడ పుట్టి బుద్ధెరిగి సిగరెట్టు ముట్టలేదు. మర్నాడు ఆవిడ కూడా జాబితాలో పేరు రాసి నా పక్కన కూర్చుంది. ఆ వెనకే ఇంకో నలుగురు. లాండ్రీలో పొగ తాగేవాళ్ళు హఠాత్తుగా పెరిగిపోయారని పైవాళ్ళు కంగారుపడి, పొగ వల్ల అనర్థాల మీద ఒక ఉపన్యాసం పెట్టించారు. వచ్చి మాట్లాడింది సిస్టరే. చాలా బాగా మాట్లాడిందట. నేను వినలేదు, అప్పటికి నొప్పులు మొదలయ్యాయి.

కాన్పు గదిలో వేరే నర్సు. కుర్రది, చురుకైనది, నా ఫైలు తెరవగానే ఎర్ర సిరా చూసింది. కింద నల్ల సిరాతో ఏం రాసుందో చదివేంత తీరిక లేదు. నా కళ్ళ ముందే గాజుపెట్టె సిద్ధం చెయ్యమని ఎవరికో చెప్పింది. పళ్ళెంలో తువ్వాలు, దారం, కత్తెర, వాటి పక్కన ఒక టోపీ పెట్టింది. నొప్పి వచ్చిపోయే సందులో తల తిప్పి చూశాను. ఎర్ర దారం.

ఆ తరవాత గంటన్నర నేను ఏం అరిచానో నాకు తెలియదు. వాళ్ళు నొప్పికి అనుకున్నారు. నేను ఆ టోపీని తిడుతున్నాను.

మిట్టమధ్యాహ్నం వాడు పుట్టాడు. పుట్టీ పుట్టగానే గదిలో అందరినీ తిట్టినట్టు ఏడ్చాడు. నర్సు తుడిచి, టోపీ అందుకుని నెత్తిన పెట్టింది. నడినెత్తి దాకా వచ్చి ఆగిపోయింది. లాగింది. చెవుల మీదికి దిగలేదు. వదిలేసరికి టక్కున ఊడి తువ్వాలు మీద పడింది.

“ఛ, ఈ లాండ్రీవాళ్ళు! వేడినీళ్ళలో పడేసి కుదించేశారు” అంది.

నవ మాసాలూ ఎవరెవరి మాటలో పడ్డాను గానీ ఆ మాట పడలేకపోయాను. మోచేతుల మీద పైకి లేచాను.

“ఆ టోపీ ఐదేళ్ళుగా నా కళ్ళ ముందే ఉతుకుతున్నారమ్మా. అది పుట్టడమే అంత. కుదించుకుపోలేదు. మీ పళ్ళెంలో ఉన్నది ఫైలుకి తెచ్చిన టోపీ. బిడ్డకి తెల్ల దారంది తీసుకురా.”

ఆ పిల్ల నన్ను చూసింది, వాణ్ణి తూకం మీద పెట్టింది. అంకె చూసి, వాణ్ణి ఎత్తి మళ్ళీ పెట్టి మళ్ళీ చూసింది. రెండు వేల ఎనిమిది వందలు. వాణ్ణి నా రొమ్ము మీద పడుకోబెట్టి, టోపీ కోసం పరిగెత్తింది. గాజుపెట్టెని ఎవరో వచ్చి తోసుకుపోయారు.

టోపీ వచ్చేదాకా వాడికి చలి తగలకుండా నా అరచెయ్యి నెత్తి మీద కప్పాను. చాల్లేదు.